గడప దగ్గర పేరు అందించరాదు

వాడిపట్టి,
కార్తిగ నెల, రెండో సోమవారం

షణ్ముగప్రియకు మీ అవ్వ పళనియమ్మాళ్ చెప్పి రాయించేది.

ఇక్కడ నేనూ, నా చెల్లెలు రామక్కాళూ ఒంటికి బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద చెబుతాను. రాసేది పక్కింటి కుట్టుమిషను వినోదిని. మాట మన తెలుగు, అక్షరం అరవం. బిగ్గరగా చదువుకో, నా గొంతు వినబడుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, ఎక్కడైనా మెత్తబరిస్తే ఇక దాని దగ్గర జాకెట్టు కుట్టించననీ ముందే షరతు పెట్టాను.

ఫోను చెయ్యకుండా కాగితం ఎందుకంటావేమో. నా ఫోను బియ్యం డబ్బాలో ఉంది. ఎందుకుందో చెబుతాను.

మన సంగం వాళ్ళు పెట్టిన కుటుంబాల యాప్ సంగతి నీకు తెలిసిందే. ఏ ఇంట్లో ఎవరు పుట్టారు, పిల్లల ఫోటోలు, నెంబర్లు, జాతకాలు అన్నీ అందులోనే. పోయిన నెల అందరికీ ఒక కబురు వచ్చింది. మీ ఇంటి పుట తీసేయబోతున్నాం, ఇక్కడ నొక్కి మీ రహస్య నెంబరు మళ్ళీ ఇవ్వండి అని. ఆడవాళ్ళందరూ ఫోన్లు పట్టుకుని నా తిన్నె దగ్గరకు వచ్చారు. చదువురాని దాని దగ్గరకు ఎందుకు రావాలి? నువ్వు నేర్పించిన పాఠం ఒకటుంది కాబట్టి. సంగం సొంత అడ్రసయితే పక్కన పచ్చ గుర్తు వస్తుంది, అది ఉంటేనే నొక్కు అవ్వా అన్నావు. అక్షరం నాకు రాదు గానీ గుర్తు వచ్చు. పంతొమ్మిది మంది ఫోన్లు కంటి దగ్గర పెట్టుకుని చూశాను. పంతొమ్మిదింటా పచ్చ గుర్తు ఉంది. నొక్కండి అన్నాను.

చిన్నమనూరు ఇందుజ వాళ్ళమ్మ చుట్టపుచూపుకు వచ్చి ఉంది. ఆమె మటుకు తటపటాయించింది. "అత్తా, ఈ అడ్రసు మధ్యలో ఏదో చుట్టు గుర్తు ఉండాది. నేనెప్పుడూ చూసింది లేదు" అంది. నేనేమన్నానో కూడా రాయిస్తున్నాను. "చదివినదానివని అనుమానమా? పచ్చ గుర్తు నా మనవరాలు పెట్టింది. నొక్కు" అన్నాను. ఆమె నొక్కింది.

అది దొంగల పుట. పది రోజుల్లో ఇందుజ ఫోటో, నెంబరు ఎక్కడెక్కడికో పోయాయి. ఊరూ పేరూ లేని మగవాళ్ళు ఆ పిల్లకు ఫోన్లు చేసి పాడు మాటలు మాట్లాడారు. నర్సు చదువు చదివే పిల్ల. నాన్న ఫోను లాక్కుని, కాలేజీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాడు.

సంగం పెద్ద, మన తలవరు ప్రభాకరన్ కూటంలో అందరి ముందూ అన్నాడు. దొంగ అడ్రసుకు పచ్చ గుర్తు రానే రాదట. ఆ గుర్తు తయారుచేసింది మన చదువుకున్న పిల్లేనట, దానికి మనమే శాలువా కప్పామట. "అక్షరం రాని ముసలామె ఏ పచ్చదనం చూసిందో" అన్నాడు. అందరూ నవ్వలేదు. కొందరు నవ్వారు.

శివరాత్రి మరునాడు కులదేవత గుడి గడప దగ్గర నిలబడి, మనవాళ్ళే లోపలికి పోయేట్టు, వచ్చేవాళ్ళను ఏ ఇల్లని అడిగేది ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే. ఇట్లాంటి కళ్ళను అక్కడ నిలబెట్టాలా వద్దా అన్నది ఈసారి కూటంలో తేలుస్తారట.

నా వ్యాజ్యం ఒక్కటే. గుర్తు నేను చూశాను. దొంగ అడ్రసుకు పచ్చ గుర్తు వస్తుందా, రాదా? ఒక్క మాట రాయి. ఇందుజ చేతికి ఫోను తిరిగి వచ్చేదాకా నేనూ నా ఫోను ముట్టను.

పళనియమ్మాళ్, వేలిముద్ర.


పీలమేడు,
డిసెంబరు 6

అవ్వకు ప్రియ నమస్కారం.

నీ ఉత్తరం అందింది. జరిగింది చాలా బాధాకరం. ఇట్లాంటి మోసాలు ఇప్పుడు ప్రపంచమంతా జరుగుతున్నాయి, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళే మోసపోతున్నారు. నువ్వు తప్పు చేశావని ఎవరూ అనుకోకూడదు.

నేను రాసింది లైబ్రరీ మాత్రమే. అంటే వేరేవాళ్ళు తమ యాప్‌లో కలుపుకునే తయారు సరుకు. రుబ్బిన పిండి అనుకో. దాన్ని సంగం యాప్ వాళ్ళు ఎట్లా వాడారన్నది పరిశీలించవలసి ఉంటుంది. ఇంకొకటి, కోపం తెచ్చుకోకు. ఫోను వెలుగులో, వయసు కళ్ళకు, లేత నీలం కూడా పచ్చగా కనబడవచ్చు. ఇక్కడికి వస్తే కళ్ళ డాక్టరుకు చూపిస్తాను.

ప్రభాకరన్ మామకు నేను విడిగా రాస్తాను, పెద్దామెను ఇబ్బంది పెట్టవద్దని. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. చిన్నవ్వను అడిగానని చెప్పు.

ప్రియ


వాడిపట్టి,
మార్గళి ఐదో రోజు

ప్రియకు అవ్వ చెప్పేది.

నీ కాగితం వినోదిని రెండుసార్లు చదివింది. అందులో మనుషులు లేరు. జరిగిందట, పరిశీలించవలసి ఉంటుందట. ఎవరు చేశారు, ఎవరు పరిశీలిస్తారు? నేనడిగింది వస్తుందా రాదా అని. దానికి జవాబు లేదు, నా కళ్ళకు డాక్టరున్నాడు.

కళ్ళంటావా. ఆ పూటే వినోదిని దారం ఉండలన్నీ చాపమీద పోయించాను. ముప్పై పైన ఉన్నాయి. మామిడి పిందె రంగు, అరిటాకు రంగు, నెమలి కంఠం, సముద్రం నీలం, అన్నీ వేరు చేసి పెట్టాను. ఒక్కటి తప్పింది, అది కూడా తప్పు కాదని వినోదినే వాదించింది. ఇక్కడ నవ్వుతోంది. నవ్వినట్టు రాయమన్నాను.

పిండి రుబ్బి ఇచ్చావట. మంచిది. పిండిలో రాయి పడితే, ఇడ్లీ పోసినవాళ్ళను అడుగుతారా, రోలు దగ్గర కూర్చున్నదాన్ని అడుగుతారా?

మూడు బస్సులు మారి చిన్నమనూరు పోయి వచ్చాను. ఇందుజ పెరట్లో గోంగూర గిల్లుతోంది. నన్ను చూసి లేచి నీళ్ళిచ్చింది, మర్యాద తప్పలేదు. కూర్చుని మళ్ళీ ఆకు గిల్లుతూ, తల ఎత్తకుండా అంది. "నా ఫోటో ఎంతమంది కాడ ఉండాదో నీకు తెలుసునా అవ్వా? నాకూ తెలీదు." కాసేపు నేనూ ఆకు గిల్లి, వచ్చేశాను.

మళ్ళీ అడుగుతున్నాను. గడప దగ్గర నేను ఎట్లా అడుగుతానో నీకు చిన్నప్పుడు చూపించాను. ఏ ఇల్లు అని ఒక్క మాట అడిగి నోరు మూసుకుంటాను. వచ్చినవాళ్ళు ముందు ఇంటి పేరు, తర్వాత ఊరు, తాత, తండ్రి, అన్నిటికీ చివర తమ పేరు చెప్పాలి. వాళ్ళు ఎంత తడబడినా నేను పేరు అందించను. ఫలానా వాళ్ళు కదా అని నేనే అంటే, దొంగ కూడా ఔనంటాడు. చెప్పాక, అడిగిన ఆ చేతినే పట్టుకుని నేనే లోపలికి తీసుకుపోతాను. పొమ్మని చెయ్యి ఊపను.

ఇప్పుడు నీ ముందూ అట్లాగే నిలబడ్డాను. వస్తుందా, రాదా?

పళనియమ్మాళ్


పీలమేడు,
జనవరి 4

అవ్వా,

వస్తుంది.

నువ్వు చూసింది నిజం. పంతొమ్మిది ఫోన్లలోనూ పచ్చ గుర్తు వచ్చే ఉంటుంది. తప్పు యాప్ వాళ్ళది కాదు. నా లైబ్రరీది. నాది.

ఎట్లాగో చెబుతాను. ఇంటర్నెట్ అడ్రసులో ఇందుజ వాళ్ళమ్మ చూసిన చుట్టు గుర్తు, @ అనేది, ఒకటి రావచ్చు. దానికి ముందు ఉన్నదంతా వచ్చినవాడు తన గురించి చెప్పుకునే పేరు మాత్రమే. అసలు ఇల్లు ఆ గుర్తు తర్వాత ఉంటుంది. దొంగలు ముందు మన సంగం పేరు పెట్టి, చుట్టు గుర్తు వేసి, తర్వాత తమ ఇల్లు రాసుకున్నారు. నా ప్రోగ్రాము అడ్రసు మొదలు మాత్రమే చూసింది. మన పేరు కనబడగానే ఔనంది. ఇల్లేదో వెతకలేదు.

ఇంకో తప్పు కూడా ఉంది, అది నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నా ప్రోగ్రాము ఔను, కాదు అని చెప్పి ఊరుకుంటుంది. ఆ తర్వాత తలుపు తీసే ప్రోగ్రాము వేరు. అది అదే అడ్రసును తన పద్ధతిలో మళ్ళీ చదువుకుని పోతుంది. నేను ఒక మనిషిని అడిగాను, లోపలికి పోయింది ఇంకో మనిషి. అందుకని ఔను కాదు అని చెప్పే పని మొత్తంగా తీసేశాను. ఇప్పుడు నా లైబ్రరీ అడ్రసును ఒక్కసారి నిలబెట్టి, పేరు వేరు, ఇల్లు వేరు, దారి వేరుగా విడదీస్తుంది. ఇల్లు మొదటి నుంచి చివరి దాకా సరిపోతేనే, విడదీసిన దాన్నే చేతికి ఇస్తుంది. తలుపు దానితో తప్ప తెరుచుకోదు. చుట్టు గుర్తుతో వచ్చిన దాన్ని గడప దగ్గరే ఆపేస్తుంది.

ఇట్లా రాయవచ్చని నాకు అప్పుడు తెలియదు అవ్వా. తెలియక జరిగింది. మా మేనేజరు, చడీ చప్పుడు లేకుండా సరిచేసి కొత్తది పంపెయ్, ఎవరికీ చెప్పనక్కర్లేదు అన్నాడు. పంపేశాను. కూటానికి మాత్రం నువ్వు చూసింది నిజమని రాస్తాను.

నీ కళ్ళ మీద వంక పెట్టినందుకు నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ప్రియ


వాడిపట్టి,
తై నెల, పండగ పోయిన నాలుగో నాడు

ప్రియా కణ్ణు,

నీ కాగితం విన్నాక రెండు ముక్కలు రాయించి వినోదినిని పంపేసి, మళ్ళీ సాయంత్రం పిలిచాను. అందుకే ఈ కాగితంలో రెండు సిరాలు.

నీ గుర్తు అబద్ధం చెప్పిందని నాకు మొదటి రోజే తెలుసు. నేను చూశాను కదా. చూసినది దొంగదని తేలాక, తప్పు నా కంటిదన్నా కావాలి, నీ గుర్తుదన్నా కావాలి. నా కన్ను నాకు తెలుసు. కూటంలో నీ పేరు నేనే ఎత్తి ఉండవచ్చు. ఎత్తలేదు. మనవరాలిని కాపాడాలని కాదు, అంత మంచిదాన్ని కాను. నీ నోటితో రావాలని.

తెలియదు, తెలియక అని రెండుసార్లు రాశావు. ఒకసారి చాలు కదా. ఎందుకు రెండుసార్లు పడిందో నేనడగను.

దానికి బదులు నాది ఒకటి చెబుతాను. ఇది వినోదినికీ తెలియదు, రాస్తూ రాస్తూ తెలుసుకుంటోంది. గడప నాకు ఇచ్చిన మొదటి ఏడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకడు వచ్చాడు. ఏ ఇల్లు అన్నాను. నీళ్ళు నమిలాడు. వెనకాల వరస పెరిగిపోతోంది. ప్రతి ఇల్లూ నాకు తెలుసని చూపించుకోవాలన్న పొగరు నాకు. "మేడవారు కదా, పెరియకుళం వైపు?" అన్నాను. "ఔను తల్లీ" అన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి నేనే తీసుకుపోయాను. మన వరసలో కూర్చుని తిన్నాడు. నెల తిరక్కుండా రామక్కాళ్‌ను పెళ్ళికి అడిగాడు, ఇచ్చారు. వాడికి అప్పటికే దిండుక్కల్‌లో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ఎనిమిది నెలలకు రామక్కాళ్ తిరిగి వచ్చేసింది. అప్పటి నుంచి నాతోనే ఉంది. ఆ ఇంటి పేరు వాడికి ఎక్కడ దొరికిందని ఊరంతా అడిగారు. నేను చెప్పలేదు. గడప దగ్గర పేరు అందించరాదన్న నియమం పెద్దలు పెట్టిందని అందరికీ చెబుతుంటాను. ఆ ఏడు తర్వాత నేను పెట్టుకున్నది.

ఈ కాగితం నీకు పంపేముందు రామక్కాళ్‌కు చెప్పాలి. చెప్పి, అప్పుడు పోస్టు చేయిస్తాను. నీకు అందిందంటే చెప్పాననే అర్థం.

పళనియమ్మాళ్


పీలమేడు,
జనవరి 27

అవ్వా,

అందింది.

నాకు తెలుసు. తెలియక కాదు.

పోయిన ఆషాఢంలో, అంటే ఆ దొంగ కబురు రావడానికి మూడు నెలల ముందు, నరేన్ అనే ముక్కూ మొహం తెలియని మనిషి నా లైబ్రరీ పుటలో రాశాడు. చుట్టు గుర్తు పెట్టి మీ ప్రోగ్రామును మోసం చేయవచ్చు, ఇదిగో ఇట్లా అని చేసి చూపించాడు. ఎంతో మర్యాదగా రాశాడు. ఎట్లా సరిచేయాలో కూడా రాశాడు. అదే వారం వాడిపట్టిలో మీరందరూ నాకు శాలువా కప్పారు. నువ్వు ముందు వరసలో కూర్చుని పక్కవాళ్ళను జరగమని గదమాయిస్తున్నావు. తిరుగు బస్సులోనే అతనికి జవాబు రాశాను. "నిజంగా ఇట్లా అడ్రసు రాసేవాళ్ళు ఎవరూ ఉండరు" అని ఒక్క వాక్యం. రాసి, అతని మాట పైకి కనబడకుండా మూసేశాను. పది నిమిషాల పని అవ్వా అది. అతను చెప్పినట్టు ఆ రోజే చేసి ఉంటే ఇందుజ ఇప్పుడు కాలేజీలో ఉండేది.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నాకు అతను గుర్తొచ్చాడు. అయినా నీ కళ్ళ డాక్టరు సంగతి రాశాను.

నిన్న నరేన్ మాటను మళ్ళీ తెరిచాను. అతను చెప్పినది నిజమని, నేనే మూసేశానని, దాని వల్ల ఒక ఊరిలో మనుషులకు హాని జరిగిందని, నా లైబ్రరీ వాడే వాళ్ళందరూ పాతది వెంటనే తీసేయాలని, నా పేరు పెట్టి అందరికీ కనబడేట్టు రాశాను. మేనేజరు పిలిచి మాట్లాడాడు. ఏం జరుగుతుందో ఇంకా తెలియదు. నరేన్ రెండు మాటలు రాశాడు, సరిచేసినందుకు సంతోషం అని. తిట్టి ఉంటే బాగుండేది.

ఇందుజ నాన్నకూ రాశాను. తప్పు మీ అమ్మాయిది కాదు, మీ ఇంటావిడది కాదు, ఆవిడ ఒక్కతే ఆగి అడిగింది, తప్పు నాది అని. పోలీసులకు ఇవ్వవలసిన కాగితాలు తయారుచేసి జతపెట్టాను. శివరాత్రి మరునాడు కూటానికి వస్తాను. అక్కడ నా నోటితో చెబుతాను.

చిన్నవ్వ ఏమంది?

ప్రియ


వాడిపట్టి,
మాసి నెల, పౌర్ణమి పోయాక

ప్రియకు అవ్వ చెప్పేది.

చిన్నవ్వ ఏమందని అప్పుడే అడిగావు, జవాబు రాయించలేదు. ఏమీ అనలేదు కాబట్టి. నేను చెప్పింది మొత్తం వింది. లేచి తన కంచం, చెంబు వేరే తీసుకుంది. అప్పటి నుంచి పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళు ఒక కుండలో తిన్నవాళ్ళం. ఆ పొగ నా వంటింట్లోకి వచ్చేది. నేను కిటికీ మూయలేదు.

కూటంలో నువ్వు మాట్లాడింది అందరికీ తెలుసు, నీకూ తెలుసు. నువ్వు బస్సుకు పోయాక జరిగింది చెబుతాను. ప్రభాకరన్ లేచి, పెద్దామె చూసింది నిజమేనని తేలింది, గడప ఆమెదే అన్నాడు. అందరి ముందూ అన్నాడు, దానికి అతనికి కష్టమైంది, చూస్తే తెలిసింది. నేను వద్దన్నాను. నా కన్ను సరైనదే గానీ నా నోరు సరైనది కాదని, ఒకసారి ఇస్త్రీ చొక్కా వాడికి పేరు అందించిందని, ఒకసారి అనుమానం వచ్చి ఆగినదాన్ని ఎగతాళి చేసి నొక్కించిందని చెప్పాను. గడప రామక్కాళ్‌కు ఇమ్మన్నాను. తీసుకుంటుందని నేననుకోలేదు. లేచి వచ్చి తీసుకుంది.

పొంగలి పెట్టే వేళకు నేనూ వరసలో పోయి నిలబడ్డాను. నా వంతు వచ్చింది. అరవై ఏళ్ళుగా నా మొహం చూస్తున్న మనిషి, కొత్తగా వచ్చినదాన్ని చూసినట్టు చూసి, "ఏ ఇల్లు?" అంది. దొడ్లవారి ఇల్లు, వాడిపట్టి, అని మొదలుపెట్టి తాత, తండ్రి, అందరినీ చెప్పి చివరకు నా పేరు చెప్పాను. మధ్యలో ఒక పేరు దగ్గర తడబడ్డాను. అందించలేదు. నిలబడి ఉంది. చెప్పాక చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇంటికి వచ్చాక పొయ్యి ఇంకా వేరుగానే ఉంది. మొన్నటి నుంచి చారు మాత్రం నా గిన్నెలో పోస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పొద్దున వినోదిని తన ఫోను పట్టుకుని వచ్చింది. ఎవరో ఆడపిల్లట, నాతో మాట్లాడాలట, కొత్త నెంబరట. నా చెవి దగ్గర పెట్టింది. అవ్వా అన్న ఒక్క మాటకే గొంతు తెలిసిపోయింది. ఆ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది ప్రియా. పళ్ళతో పట్టి ఆపుకున్నాను. ఏ ఇల్లు అన్నాను.

మెల్లగా చెప్పింది. "ఉప్పలవారి ఇల్లు. చిన్నమనూరు. బంగారు తాత మనవరాలిని. ఇందుజను అవ్వా. సోమవారం నుంచి కాలేజీకి పోతా ఉండాను."

ఇక నీ ఫోను తీద్దామా అన్నట్టు వినోదిని బియ్యం డబ్బా వైపు చూసింది. ఉండమన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా నేనూ చెప్పాను. "దొడ్లవారి ఇల్లు. వాడిపట్టి. మీ అమ్మను నొక్కమన్న పళనియమ్మాళ్‌ని."

అవతల బస్సు హారను ఒకటి వినబడింది. తర్వాత, "చెప్పు అవ్వా" అంది.

పళనియమ్మాళ్, వేలిముద్ర.